నాలుగో టైరు దాకా చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

సంక్రాంతి దాటాక మీ ఆఫ్‌రోడ్ క్లబ్బు వాళ్లంతా ములుగు వైపు మామిడి తోటలో కలుస్తున్నారట. ఎవరి గాలి కంప్రెసర్ వాళ్లు తెచ్చి, ఏది మేలో అక్కడే తేల్చుకుంటారని, ఆ బాధ్యత నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నేను టైర్ల షాపు నడిపిన రోజుల్లో సోమవారం పొద్దున ఒక రకం టైర్లు వచ్చేవి. ట్రెడ్ బాగుంటుంది, పైకి కొత్తవాటిలాగే కనిపిస్తాయి. రిమ్ము నుంచి విప్పితే లోపల గుప్పెడు నల్లటి రబ్బరు పొడి, సైడ్‌వాల్ చుట్టూ ఒరుసుకుపోయిన గీత. ఆదివారం ఇసుకలో తిరగడానికి గాలి తగ్గించి, మళ్లీ సరిగ్గా నింపకుండానే హైవే ఎక్కిన బండ్లవి. గాలి తక్కువున్న టైరు తిరిగే కొద్దీ పక్కలు నలిగి నలిగి లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి దారాలు వదిలేస్తాయి. దానికి ప్యాచ్ వేయడం కుదరదు, తీసి పక్కన పెట్టాల్సిందే. అదృష్టం బాగుండి అది రోడ్డు మీద పేలలేదు, అంతే. ఎందుకు నింపలేదని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: కంప్రెసర్ తీసుకుపోయాం, రెండు టైర్లకు బాగానే పనిచేసింది, తర్వాత వేడెక్కి ఆగిపోయింది.

అందుకే చెప్తున్నా. మొదటి టైరు ఎంత తొందరగా నిండిందో చూసి మార్కులు వేయొద్దు. ఒక్క టైరుకు అన్ని కంప్రెసర్లూ బాగానే కొడతాయి. నాలుగోది నింపేటప్పుడు దాని అసలు సత్తా బయటపడుతుంది.

డబ్బా మీది అంకెలు చూసి మోసపోవద్దు. 150 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని పెద్ద అక్షరాలతో వేస్తారు. మన బండ్లకు కావలసింది 30, 35. అంతకు ఎంత ఎక్కువ ఎక్కించగలదన్నది మనకు పనికిరాని లెక్క. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్నది చూడాలి. అక్కడా ఒక మెలిక ఉంది: ఆ లీటర్లను తరచుగా పైపు ఖాళీగా వదిలేసి కొలుస్తారు. టైరులో ఒత్తిడి పెరిగే కొద్దీ లోపలికి పోయే గాలి తగ్గుతుంది. నువ్వే లెక్క వేసి చూడు. థార్ జీపుకు వచ్చే 255/65 ఆర్18 సైజు టైరు లోపల దాదాపు 60 లీటర్ల చోటు ఉంటుంది. ఇసుక కోసం తగ్గించిన 18 నుంచి రోడ్డుకు కావలసిన 32 దాకా తేవాలంటే ఇంచుమించు మరో 57 లీటర్ల బయటి గాలిని దాంట్లోకి నెట్టాలి. నాలుగింటికి కలిపి 230 లీటర్లు. డబ్బా మీద 35 లీటర్లు అని ఉన్న మిషన్ ఆ లెక్కన ఏడు నిమిషాల లోపే పని ముగించాలి. నిజంగా ఎంతసేపు పడుతుందో మీ వాచీలు చెప్తాయి. ఆ తేడానే రాసుకోండి.

ఇంకో సంగతి. జిమ్నీకి వచ్చే 195/80 ఆర్15లో గాలి చాలా తక్కువ పడుతుంది. ఒకతను జిమ్నీ మీద, ఇంకొకతను థార్ మీద పరీక్ష చేసి, నాది ఫాస్ట్ అంటే నాది ఫాస్ట్ అని వాదించుకుంటే పొద్దు గూకుతుంది. ఒకే సైజు స్టెప్నీలు రెండు తెప్పించు. బండ్ల నుంచి దింపి నీడలో పెట్టండి. అన్ని కంప్రెసర్లూ ఆ రెండింటి మీదే. ఒకదాంట్లో గాలి నింపుతుంటే రెండోదాంట్లో గాలి వదులుతుండాలి. అలా ఒక్కో కంప్రెసర్‌తో ఆపకుండా నాలుగు సార్లు 18 నుంచి 32 దాకా నింపండి. ప్రతిసారీ పట్టిన టైమ్ విడివిడిగా రాయండి. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య టైమ్ ఎంత పెరిగిందో చూస్తే ఏ మిషన్ అలసిపోతుందో దాచినా దాగదు. మధ్యలో తనంతట తాను ఆగిపోతే అది చెడ్డదని కొట్టేయకు. వేడి మితిమీరితే ఆగిపోయే ఏర్పాటు ఉండటం మంచిదే, అది లేనివాటిలో పిస్టన్ రింగు కాలిపోతుంది. ఎన్నో నిమిషంలో ఆగింది, మళ్లీ మొదలవడానికి ఎంత పట్టింది, అది రాసుకోండి. గాలి వదిలాక వెంటనే కొలవొద్దు. గాలి జోరుగా బయటికి పోయేటప్పుడు లోపల చల్లబడుతుంది, ఒక నిమిషం ఆగితే రీడింగ్ కాస్త పైకి వస్తుంది.

గేజ్ విషయంలో మాత్రం పట్టుబట్టు. ఒక్కో కంప్రెసర్‌కున్న గేజ్ ఒక్కో మాట చెప్తుంది. పైగా మోటారు నడుస్తుండగా అది చూపేది పైపులో ఒత్తిడి, టైరులోది కాదు. కాబట్టి విడిగా ఒక్క మంచి గేజ్ పెట్టుకుని, మోటారు ఆపి దాంతోనే కొలవండి. 32 దగ్గర తనంతట తాను ఆగే రకమైతే, అసలు గేజ్ మీద ఎంత ఉందో పక్కన రాయండి. 29 దగ్గరే ఆగిపోయి 32 అని చూపించేది ఉంటే, దాని యజమానికి ఆ రోజే తెలియడం ఎంతో మేలు.

ఇక కరెంటు. సిగరెట్ లైటర్ సాకెట్ మూత మీద 120 వాట్లు అని ఉంటే అది 10 ఆంపియర్లకు మించి మోయదు. రెండు సిలిండర్ల పెద్ద మిషన్లను దానికి తగిలిస్తే ఫ్యూజు పోతుంది. వాటిని క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే పెట్టాలి, ముందు ఎరుపు, తర్వాత నలుపు. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్‌లో. ఇంజిన్ ఆపితే వోల్టేజీ పడిపోయి మంచి మిషన్ కూడా నీరసంగా కొడుతుంది. కొందరికి ఇంజిన్ ఆన్‌లో, కొందరికి ఆఫ్‌లో చేస్తే ఆ పోలిక చెల్లదు. సొంత బ్యాటరీ ఉన్న చేతి మిషన్లు కూడా వస్తాయి. ఒక పంక్చర్‌కు, రాత్రిపూట ఒంటరి ప్రయాణానికి అవి చాలా ఉపయోగం. నాలుగు పెద్ద టైర్లు నింపడానికి వాటి చార్జి సరిపోతుందో లేదో చూడండి. మన ఎండాకాలంలో వాటిని మూసిన కారులో వదిలేయొద్దని మాత్రం అందరికీ చెప్పు, ఆ వేడికి లిథియం బ్యాటరీ పాడవుతుంది.

చిన్నవైనా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ దగ్గర నిలబడితే పైపు వెనక టైరు దాకా అందాలి, థార్ పొడవే 4 మీటర్లకు కొంచెం తక్కువ. పైపు చివర మర తిప్పి బిగించే ఇత్తడి మూతి నాలుగో టైరుకొచ్చేసరికి కాలుతుంది, చేతికి గుడ్డ ఉంచుకోండి. మిషన్‌ను నేల మీద పెట్టొద్దు, మన చెల్క నేలల దుమ్ము లోపలికి లాగేసుకుంటుంది. కింద గోనెసంచి పరవండి.

తోటలో తిరగడానికి గాలి ఎంత తగ్గించాలని కుర్రాళ్లు నిన్ను అడుగుతారు. ఎర్ర చెల్కలో, గుట్ట బండల మీద 22, 24 చాలు. మెత్తటి ఇసుకైతే 16, 18. అంతకంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది, కొత్తవాళ్లను దింపనివ్వకు. సర్కారు తుమ్మ ముళ్లు కూడా మర్చిపోకండి, టైరు మెత్తబడిన కొద్దీ పక్కలు బయటికి ఉబ్బుతాయి, ముల్లు అక్కడ దిగితే కష్టం. పంక్చర్ కిట్ ప్రతి బండిలో ఉండాలి. ఉత్సాహంలో ఎవరైనా ఏటూరునాగారం అడవిలోకో పాకాల వైపో పోదామంటే ఒప్పుకోవద్దు. అవి అభయారణ్యాలు. రైతు పొలం గట్టు కూడా తొక్కొద్దు, నాట్లు వేసే రోజులు.

డబ్బు ఎక్కువ పెట్టి కొన్నవాళ్లకు తమదే గొప్ప అనిపించడం సహజం. అందుకని ఎవరి కంప్రెసర్‌కు వాళ్లు టైమ్ చూడకూడదని ముందే నియమం పెట్టు. కంపెనీ పేరు మీద కాగితం అంటించి నంబర్లు ఇస్తే ఇంకా మంచిది. చివర్లో ఫస్టు, సెకండు అని ప్రకటించకు. జిమ్నీ ఉన్నవాడికి సరిపోయేది ఏది, థార్‌కో గూర్ఖాకో సరిపోయేది ఏది, ధరకు తగ్గట్టు ఏది అని విడివిడిగా చెప్పు. పొద్దున ఏడింటికే మొదలుపెట్టండి. మధ్యాహ్నం వేడికి అన్నీ నెమ్మదిస్తాయి, ఆఖర్న వచ్చినవాడికి అన్యాయం జరుగుతుంది.

సాయంత్రం ఒక్క బండి కూడా కొలవకుండా గేటు దాటకూడదు. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెకు నాలుగు టైర్లూ తెచ్చాకే 163 హైవే ఎక్కాలి. టైరు మీద ముద్రించిన అంకెను చూసి నింపొద్దు, అది దాని గరిష్ఠం. తిరిగి తిరిగి టైరు వేడెక్కి ఉంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, దాన్ని వదలకండి, మరుసటి రోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచూసుకోమను.

నా దగ్గరున్న గేజ్ బాగా పనిచేస్తోంది. గురువారం లోపు హనుమకొండ వచ్చి తీసుకెళ్లు. మీరు రాసిన కాగితం ఒక కాపీ నాకు పంపు, నాలుగో టైరు టైములు చూడాలని ఉంది.

ఇట్లు,
మీ మామ