ఇష్టమైన ఆటలకు అంకెలు వేసే ముందు

చిరంజీవికి,

నీకు అత్యంత ఇష్టమైన 25 వీడియో గేమ్‌లను వరుసలో పెట్టి రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏ ఆట ఎక్కడ ఉందో చూసుకోవాలన్న ఆత్రంతో పేర్లు మాత్రమే చూస్తూ పోయాను. ఇలాంటి వ్యాసాన్ని ఎవరైనా ముందు అలాగే చదువుతారు. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. "అద్భుతమైన గ్రాఫిక్స్", "కట్టిపడేసే కథ", "మరపురాని అనుభవం" వంటి మాటలు కనిపించిన ప్రతిచోటా గీత గీస్తూ పోతే, కొన్ని పేరాల్లో గీత పడని వాక్యమే మిగలలేదు. అక్కడ ఒక ఆట పేరు కొట్టేసి మరో ఆట పేరు రాసినా ఏ మాటా మార్చనక్కరలేదు. అంటే ఆ పేరాలు ఏ ఆట గురించీ రాసినవి కావన్నమాట.

అయితే అసలు చిక్కు మాటల్లో కన్నా వరుసలోనే ఉంది. మొదటి స్థానం టెట్రిస్‌కు ఇచ్చి, 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన ఆట ఇన్నేళ్లయినా నిలిచి ఉంది గనుక ఇచ్చానన్నావు. నిజమే, కానీ అది లోకం ఇచ్చిన స్థానం. 19వ స్థానంలో ఉన్న షాడో ఆఫ్ ది కొలోసస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీ కలం ఒకటిన్నర పేజీ ఆగకుండా పరుగెత్తింది. మొదటి ఆటకు నాలుగు వాక్యాలు, పందొమ్మిదో ఆటకు ఒకటిన్నర పేజీ! నీకేది ఇష్టమో నీ కలం చెప్పేసింది. ఒప్పుకోవడానికి నువ్వే జంకావు. టెట్రిస్‌ను కిందికి దించితే చదివేవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం ఆ నాలుగు వాక్యాల్లోనూ కనిపిస్తూనే ఉంది.

టెట్రిస్ మీద నీకు నిజంగానే మనసుంటే ఆ మనసు ఎక్కడ పడిందో చెప్పు. పైనుంచి ఒక్కొక్కటిగా రాలిపడే, ఒక్కోదానిలో నాలుగేసి గడులున్న ఏడు ఆకారాలే ఆ ఆట మొత్తం. ఒక పక్కన నిలువు సందు ఖాళీగా వదిలి మిగిలినదంతా ఒద్దికగా పేర్చుకుంటూ, పొడవాటి కడ్డీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ, అది ఎంతకీ రాక పేర్పు పైఅంచు దాకా పెరిగిపోతుంటే, ఆ సందును దొరికిన ముక్కతో పూడ్చేయాలా, ఇంకొక్క ముక్క వచ్చేదాకా ఆగాలా అని తడబడే ఆ క్షణం నీకు తెలుసు కదా. దాని గురించి రాస్తే టెట్రిస్‌కు మొదటి స్థానం ఎందుకిచ్చావని నేను అడగను. అది రాయలేకపోతే ఏ పదో స్థానానికో పంపెయ్యి. టెట్రిస్‌కు పోయేదేమీ లేదు.

ఇక ఆ ఒకటిన్నర పేజీ సంగతి. షాడో ఆఫ్ ది కొలోసస్ 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిందనీ, ఫుమిటో ఉయెదా దర్శకత్వం వహించాడనీ, అంత పెద్ద మైదానంలో పోరాడటానికి 16 మహాకాయులు తప్ప చిల్లర శత్రువు ఒక్కడూ ఉండడనీ సరిగ్గానే రాశావు. ఆ తర్వాత "దుఃఖాన్ని ఇంత గొప్పగా చూపిన ఆట మరొకటి లేదు" అని తీర్పు చెప్పి ముందుకు వెళ్లిపోయావు. నన్నడిగితే ఆ తీర్పు తీసేసి, నీ చూపుడు వేలు గురించి రాయమంటాను. మహాకాయుడి ఒంటి మీది వెంట్రుకలు పట్టుకుని వేలాడాలంటే బటన్ నొక్కి పట్టే ఉంచాలి. వాడు ఒళ్లు విదిలిస్తున్న కొద్దీ పట్టు ఇంకా ఎంత మిగిలిందో చూపే, తెర మూలన ఉన్న వలయం చిక్కిపోతూ వస్తుంది. వేలు నొప్పి పుడుతున్నా వదలడానికి లేదు. తెర మీది నీ వీరుడి పిడికిలీ, కంట్రోలర్ మీది నీ పిడికిలీ ఒకే పని చేస్తుంటాయి. అంత కష్టపడి చివరి పోటు పొడిచాక విజయగీతం వినబడదు. ఏడుపు లాంటి సంగీతం మొదలవుతుంది, ఆ కొండంత శరీరం మెల్లగా ఒరిగిపోతుంది, దానిలోంచి వెలువడిన నల్లని దారాలు వచ్చి నీ వీరుడినే పొడిచి పడేస్తాయి. గెలిచినందుకు సిగ్గుపడ్డానని నీ పేరాలో ఒక మూల రాశావు చూడు, వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే. దాన్ని ముందుకు తీసుకురా. ఆడింది 2005 నాటి ఆటనా, 2018లో వచ్చిన రీమేక్‌నా అన్నది కూడా చెప్పు. తెర మీది వెలుతురు, చేతిలోని కంట్రోలర్ వేరైనప్పుడు నువ్వు చెప్పే అనుభవమూ కొంత వేరవుతుంది.

చరిత్ర రాయవద్దని నేననను. ఏ చరిత్ర రాయాలన్నదే ప్రశ్న. ప్యాక్‌మ్యాన్‌కు నువ్వు 1980, నామ్‌కో కంపెనీ, రూపకర్త టోరు ఇవటాని అంటూ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి, చివర "దయ్యాలు నాలుగూ కూడబలుక్కుని నా మీదికి వచ్చినట్టుండేది" అని మొక్కుబడిగా ముగించావు. చెప్పవలసినది అక్కడే మొదలవుతుంది. ఎర్ర దయ్యం నేరుగా వెంటపడుతుంది. గులాబీ దయ్యం నువ్వున్న చోటికి కాకుండా నువ్వు వెళుతున్న దిక్కున కొంచెం ముందుకు గురిపెడుతుంది. నీలం దయ్యం ఎర్రది ఎక్కడుందో కూడా లెక్కలోకి తీసుకుని కదులుతుంది. నారింజ దయ్యం దగ్గరిదాకా వచ్చి, ఎందుకో మనసు మారినట్టు తన మూలకు మళ్లిపోతుంది. అవి కూడబలుక్కోవు, నాలుగు వేర్వేరు స్వభావాలు ఒకే సందులో తారసపడితే వల పన్నినట్టు మనకు అనిపిస్తుంది. నీకు కలిగిన భయానికి కారణం చూపించే చరిత్ర అయితే ఎంతైనా రాయి, చదువుతాను. విడుదల తేదీలు మాత్రం ఒక ముక్కలో చెప్పి వదిలెయ్యి.

నా తప్పు ఒకటి చెబుతాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇలాంటి జాబితా ఒకటి అచ్చుకిచ్చాను. రెండో స్థానం ప్రిన్స్ ఆఫ్ పర్షియాది. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ కదలికలనే ఒక్కో ఫ్రేమూ గీసి రాకుమారుడికి ఇచ్చాడనీ, 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద ఆ కదలికలు చూసినవాళ్లు నోరెళ్లబెట్టారనీ రాసి, చివరలో రాకుమారుడు తన నీడను కత్తితో ఓడించే ఘట్టాన్ని ఆకాశానికెత్తాను. ఆ నీడను కత్తితో ఓడించడం కుదరదనీ, తమరు ఆట పూర్తి చేసినట్టు లేదనీ ఒక పాఠకుడు రెండే వాక్యాల ఉత్తరం రాశాడు. చెంప మీద కొట్టినట్టయింది. 60 నిమిషాల గడువున్న ఆ ఆటలో నేను సగం దాటి కాస్త ముందుకు వెళ్లానంతే. మిగిలినది ఒక మిత్రుడు చెప్పగా విన్నది, దానికి నేను చేర్చుకున్నది.

ఆ తర్వాత కూర్చుని పూర్తిచేశాను. అద్దంలోంచి బయటకు దూకిన ఆ నీడ చివరికి కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. దాని మీద పడిన ప్రతి దెబ్బా నీ ప్రాణాన్నే తగ్గిస్తుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురుగా నడిచి వెళితే అది నీలో కలిసిపోతుంది. ఆ కంప్యూటర్ మెమరీలో కొత్త శత్రువు బొమ్మకు చోటు చాలక, రాకుమారుడి బొమ్మనే కొంచెం మార్చి వాడుకోవడంతో ఆ నీడ పుట్టిందని తరువాత తెలిసింది. ఇంత చక్కని సంగతి చేతిలో ఉండగా నేను రాసింది ఒక మామూలు కత్తియుద్ధం! అందుకే చెబుతున్నాను: మొదటి పది స్థానాల్లో ఉన్న ప్రతి ఆటనూ రాసే ముందు కనీసం ఒక గంట మళ్లీ ఆడు. పూర్తి చేయని ఆట జాబితాలో ఉండటం తప్పేమీ కాదు, పూర్తి చేయలేదని రాయి. చిన్నప్పుడు ఆడినందువల్లే పైన ఉన్న ఆట ఉంటే అదీ దాచకు. మళ్లీ ఆడినప్పుడు నీరసంగా అనిపిస్తే ఆ నీరసమే మంచి పేరాకు పనికొస్తుంది.

అంకెల విషయం క్లుప్తంగా చెబుతాను. నాలుగో స్థానం అంటే అర్థం, అది ఐదో ఆట కన్నా ఎందుకు మేలో, మూడో ఆట కన్నా ఎందుకు తక్కువో నువ్వు వాదించగలవని. నీ వ్యాసంలో 12 నుంచి 25 దాకా ఆటలను ఎలా కలిపి పేర్చినా నువ్వు అభ్యంతరం చెప్పవని నా అనుమానం. అలాంటప్పుడు వాటికి అంకెలు తీసేసి, ఇవీ ఇష్టమే అని ఒకచోట చెప్పు. జాబితాలో చేర్చలేకపోయిన ఆటల అభిమానులకు అరపేజీ క్షమాపణలు చెప్పావు, అది పూర్తిగా తీసెయ్యి.

నా మొదటి రెండు స్థానాలు ఏమిటని అడిగావు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 2007లో వచ్చిన పోర్టల్. గుండె గుర్తున్న ఒక పెట్టెను గదంతా మోయించి, దాన్ని అడ్డు పెట్టుకునేలా, మెట్టుగా వాడుకునేలా చేసి, చివరికి ఆ పెట్టెను నీ చేతులతోనే మంటల్లో వేయించే ఆట అది. పెట్టె మాట్లాడదనీ, ఒకవేళ మాట్లాడినా దాని సలహా పట్టించుకోవద్దనీ ముందే హెచ్చరిస్తుంది. ఈ రెంటిలో ఏది ముందో నాకే ఒక్కో ఏడు ఒక్కోలా తోస్తుంది. పోయిన నెల మళ్లీ ఆడాక పోర్టల్ పైకెక్కింది. నీకు అలా అనిపించకపోతే కారణంతో సహా రాయి, వాదించుకుందాం. అంతకన్నా ముందు ఆ 19వ ఆట పేరాను తిరగరాసి పంపు. మిగిలిన వరుస తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి