పాఠకుల ప్రశ్నలు: పికప్ ట్రక్కు హిచ్‌కు తుప్పు, తాళం, బిగింపు

ప్రశ్న: నా పికప్ ట్రక్కు వెనుక ట్రైలర్ తగిలించే హిచ్‌లో 2 అంగుళాల రిసీవర్, అంటే చతురస్రపు గొట్టం ఉంది. అందులో పెట్టిన బాల్ మౌంట్‌ను, అంటే ట్రైలర్ తగిలే గుండు (బాల్) ఉన్న ఇనుప కాడను, చాలా కాలంగా బయటికి తీయలేదు. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి ఉంచే పిన్ను లాగేసినా అది రవ్వంతైనా కదలడం లేదు. సుత్తితో గట్టిగా కొట్టవచ్చా? మళ్ళీ ఇలా బిగుసుకుపోకుండా ఏం చేయాలి?

జవాబు: కొట్టవచ్చు, కానీ ఎప్పుడు కొట్టాలో, ఎక్కడ కొట్టాలో తెలుసుకుని కొట్టాలి. రిసీవర్ గొట్టానికీ, దానిలోకి దూరే బాల్ మౌంట్ కాడకూ మధ్య ఉన్న సన్నని సందులోకి వాన నీరు, మట్టి చేరతాయి. సముద్రపు నీటిలోకి పడవను దింపే బండ్లకూ, మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్లపై తిరిగే బండ్లకూ వీటికి తోడు ఉప్పు కూడా చేరుతుంది. అక్కడ పుట్టే తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, సందులో మేకు దిగగొట్టినట్టుగా రెండింటినీ కలిపి బిగించేస్తుంది.

ముందుగా గొట్టం మూతి దగ్గరున్న తుప్పును తీగల బ్రష్‌తో గీకివేసి, తుప్పు వదిలించే పల్చటి నూనెను మూతి వైపు నుంచీ, పిన్ను రంధ్రాల నుంచీ, గొట్టం లోపలి చివర తెరిచి ఉంటే అటువైపు నుంచీ బాగా పట్టించండి. ఒక రాత్రంతా అలాగే వదిలేసి, మర్నాడు మరోసారి పట్టించండి. ఆ తరువాత బాల్ మౌంట్ కాడను కుడి నుంచి ఎడమకూ, ఎడమ నుంచి కుడికీ మార్చి మార్చి కొడితే లోపలి తుప్పు పొర విరుగుతుంది. లోపలి చివర తెరిచి ఉన్న గొట్టమైతే అటునుంచి బలమైన ఇనుప కడ్డీ పెట్టి బయటికి కొట్టడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. రిసీవర్ అతుకుల మీద గానీ, బాల్ మీద గానీ దెబ్బ పడకూడదు. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గొలుసు కట్టి వేరే బండితో కుదుపుగా లాగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తెగిన గొలుసు, ఊడి ఎగిరిన బాల్ మౌంట్ మనుషుల ప్రాణాలు తీయగలవు. మంటతో వేడి చేయడం కూడా మీరు చేయదగిన పని కాదు. దగ్గరలోనే వైర్లు ఉంటాయి, ఇంధనపు ట్యాంకు కూడా చాలా దూరంలో ఉండదు, పైగా మీరు అప్పటికే నూనె పోసి ఉంటారు.

బయటికి వచ్చాక పరీక్షించడం అసలు పని. పైపైన పట్టిన ఎర్రటి తుప్పు గీకేస్తే పోతుంది. అక్కడ ప్రైమర్, రంగు వేసుకుంటే సరిపోతుంది. పొరలు పొరలుగా ఊడివచ్చే తుప్పు, గుంటలు పడిన లోహం, గుండ్రదనం పోయి సాగిన పిన్ను రంధ్రం, అతుకు పక్కనే సన్నని గీతలా కారిన తుప్పు చార కనిపిస్తే ఆ భాగంతో బరువు లాగవద్దు. ఆ చార చాలాసార్లు పగులుకు మొదటి గుర్తు. అటువంటి రిసీవర్‌కు మళ్ళీ వెల్డింగ్ చేయించి వాడుకోవడాన్ని నేను సమర్థించలేను, ఎందుకంటే ఆ అతుకు తయారీదారు లెక్కకట్టిన బలానికి సరితూగుతుందని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

ఇకముందు బిగుసుకుపోకుండా ఉండాలంటే కాడకు యాంటీ సీజ్ పేస్టును (లోహాలు ఒకదానికొకటి పట్టేయకుండా చేసే పూత) పల్చగా పూయండి. గ్రీజును ముద్దలుగా పెడితే ఇసుక అంటుకుని మరో చిక్కు తెస్తుంది. ట్రైలర్ పని అయిపోగానే బాల్ మౌంట్‌ను తీసి బండి లోపల పెట్టి, రిసీవర్ మూతికి రబ్బరు మూత బిగించండి. ఈ ఒక్క అలవాటుంటే సుత్తి అవసరమే రాదు.

ప్రశ్న: నిలిపి ఉంచిన బండి నుంచి నా బాల్ మౌంట్‌ను ఎవరో తీసుకుపోయారు. తాళం ఉన్న పిన్ను కొనాలనుకుంటున్నాను. ఎలాంటిది ఎంచుకోవాలి? ట్రైలర్‌ను విడిగా నిలిపినప్పుడు దానికి కూడా అదే తాళం సరిపోతుందా?

జవాబు: మామూలు పిన్నుకు చివర ఒక క్లిప్పు మాత్రమే ఉంటుంది, దాన్ని తీయడానికి ఎవరికైనా క్షణాలు చాలు. తాళం పిన్ను కొనేటప్పుడు తాళం గట్టిదనం కంటే ముందు పిన్ను మందం చూడండి, ఎందుకంటే ట్రైలర్ లాగే బలమంతా దాని మీదే పడుతుంది. 2 అంగుళాల రిసీవర్‌కు 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మిల్లీమీటర్ల పిన్ను కావాలి. 1¼ అంగుళాల చిన్న రిసీవర్‌కు ½ అంగుళం పిన్ను వాడతారు. సన్నని పిన్ను పెద్ద రంధ్రంలో సులభంగానే దూరుతుంది, కానీ ప్రతి కుదుపుకూ కొట్టుకుని రంధ్రాన్ని సాగదీస్తుంది, చివరికి విరగవచ్చు కూడా. పిన్ను పొడవు మీ రిసీవర్ వెడల్పుకు తగినట్టుగా ఉండాలి, దాని మీద ముద్రించిన బరువు పరిమితి మీ ట్రైలర్ బరువుకు తక్కువ కాకూడదు.

బండి వెనుక ఉండే తాళం బురదలోనే బతకాలి కనుక, తాళంచెవి రంధ్రానికి రబ్బరు మూత ఉన్నదే తీసుకోండి. లోపల గ్రాఫైట్ పొడి గానీ, తాళాల కోసమే చేసిన పొడి కందెన గానీ వేయండి. చిక్కటి నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది. ట్రైలర్ వాడని నెలల్లో కూడా అప్పుడప్పుడు తాళం తీసి వేస్తూ ఉండండి. రెండో తాళంచెవిని ఆ బండిలో కాకుండా వేరే చోట భద్రపరచండి.

ట్రైలర్‌కు అదే తాళం సరిపోదు. విడిగా నిలిపిన ట్రైలర్‌ను దొంగ తన బండికున్న బాల్‌కు తగిలించుకుని పోగలడు కాబట్టి, కప్లర్ (ట్రైలర్ ముందు చివర బాల్ మీద కూర్చునే భాగం) లోపలి గుంటలోకి బాల్ దూరకుండా అడ్డుపడే తాళం కావాలి. బండికి తగిలించి ఉన్నప్పుడు కప్లర్ లాచ్‌ను, అంటే దాన్ని బాల్ మీద బిగించే మీటను, ఎవరూ ఎత్తకుండా చిన్న తాళం వేరే కావాలి. ఎక్కువ రోజులు నిలిపి ఉంచేవారు చక్రానికి కూడా క్లాంపు వేయడం మంచిది. ఏ తాళమైనా దొంగను ఆలస్యం చేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. బాల్ మౌంట్ విషయంలోనైతే తీసి లోపల పెట్టుకోవడాన్ని మించిన కాపలా లేదు. బయటికి పొడుచుకు వచ్చిన ఆ ఇనుము నడిచేవారి మోకాళ్ళకు, ముంగాళ్ళకు తగులుతుంది. వెనుక నుంచి ఎవరైనా గుద్దితే దెబ్బను బంపర్ తీసుకోకుండా నేరుగా చాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి చేరవేస్తుంది.

ప్రశ్న: హిచ్ బాల్‌కు గ్రీజు పూయాలని ఒకరు, అసలు పూయకూడదని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ కప్లర్ ఏ రకమో దాన్నిబట్టి ఇద్దరి మాటా నిజమే. మామూలు కప్లర్ అయితే బాల్‌కు పల్చగా గ్రీజు పూయాలి. లేకపోతే మలుపుల్లో లోహం లోహాన్ని అరగదీస్తుంది. కానీ ట్రైలర్ అటూ ఇటూ ఊగకుండా బాల్‌ను రాపిడి ప్యాడ్లతో నొక్కి పట్టుకునే కప్లర్లు ఉన్నాయి. వాటి పనంతా రాపిడి మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ బాల్ మీద గ్రీజు గానీ, రంగు గానీ ఉండనే కూడదు. గ్రీజు మరక పడితే బాల్‌ను పూర్తిగా శుభ్రం చేయాలి, ప్యాడ్లకు పట్టి ఉంటే వాటిని మార్చాలి.

గ్రీజు కంటే పెద్ద విషయం బాల్ కొలత. 1⅞, 2, 2 5/16 అంగుళాలవీ, 50 మిల్లీమీటర్లవీ వాడుకలో ఉన్నాయి. 2 అంగుళాల కప్లర్ 1⅞ అంగుళాల బాల్ మీద కూడా మూసుకుంటుంది, లాచ్ కూడా పడుతుంది, అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక గట్టి గుంత తగలగానే ఎగిరి బయటికి వస్తుంది. బాల్ పైన ముద్రించిన కొలతనూ, కప్లర్ మీది కొలతనూ చదివి సరిపోల్చండి. బాల్ కింది నట్టును టార్క్ రెంచితోనే (బిగింపు బలాన్ని కొలిచే పానా) బిగించండి. బాల్ అడుగున ఉండే మరకాడ 1 అంగుళం మందముంటే చాలామంది తయారీదారులు చెప్పే బిగింపు దాదాపు 340 న్యూటన్ మీటర్లు. మామూలు పానాతో చేతి అంచనా మీద అది సరిగ్గా కుదరదు.

ప్రశ్న: బ్రేకు వేసినప్పుడల్లా వెనుక నుంచి టక్కుమని శబ్దం వస్తోంది. భయపడాలా?

జవాబు: రిసీవర్‌లో కొద్దిపాటి వదులు మామూలే, దానికి కదలిక ఆపే క్లాంపు దొరుకుతుంది. అయితే ఆ క్లాంపు వేస్తే శబ్దం ఆగిపోతుంది కనుక, శబ్దానికి అసలు కారణం ఆ వదులు కాకుండా వేరేదైతే అది కూడా కప్పబడిపోతుంది. ముందు చాసిస్‌కు రిసీవర్‌ను పట్టి ఉంచిన బోల్టులను టార్క్ రెంచితో పరీక్షించి, ప్రతి నట్టు మీదుగా పక్కనున్న లోహం మీదికి ఒక రంగు గీత గీయండి. ఆ తరువాత నట్టు తిరిగితే గీత తెగి కనిపిస్తుంది. పిన్ను రంధ్రం, కప్లర్ అడుగున ఉండే సర్దుబాటు నట్టు కూడా చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే క్లాంపు కొనండి.

ప్రశ్న: ట్రైలర్ నిజంగా తగులుకుందో లేదో బయలుదేరే ముందు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: లాచ్ వేసి, దాని పిన్ను పెట్టాక, ట్రైలర్ ముందున్న జాకీతో కప్లర్‌ను కొద్దిగా పైకి ఎత్తండి. బండి వెనుక భాగం కూడా దానితోపాటు లేస్తే కప్లర్ బాల్‌ను పట్టుకున్నట్టే; కప్లర్ ఒక్కటే లేస్తే పట్టుకోనట్టే. ఆ తరువాత జాకీని పూర్తిగా పైకి మడిచి, భద్రతా గొలుసులను కప్లర్ కింద ఒకదాని మీదుగా మరొకటి అడ్డంగా వెళ్ళేలా తగిలించండి. అలా తగిలిస్తే, కప్లర్ ఊడినా దాని మూతి రోడ్డులో గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడి ఆగుతుంది. గొలుసులు మలుపు తిరగడానికి చాలినంత పొడవుండాలి, నేలను మాత్రం రాయకూడదు. ట్రైలర్ విడిపోతే దానంతట అదే బ్రేకు పడేలా చేసే సన్నని తీగ మీ ట్రైలర్‌కు ఉంటే, దాన్ని బాల్ మౌంట్‌కు గానీ గొలుసులకు గానీ కాకుండా బండికి విడిగా తగిలించండి. రిసీవర్ పిన్ను విరిగి బాల్ మౌంటే ట్రైలర్‌తో పాటు పోతే, దానికి కట్టిన తీగ లాగబడక బ్రేకు పడనే పడదు.