జ్వరం లేదు, అయినా కాలేజీకి వెళ్లాలని లేదు

ప్రశ్న: నేను డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య కొన్ని రోజులు నిద్ర లేవగానే గుండె బరువుగా ఉంటోంది. జ్వరం లేదు, నొప్పి లేదు, కానీ ఆ రోజు క్లాసులో కూర్చోవడం నా వల్ల కాదనిపిస్తుంది. గత నెలలో మూడుసార్లు కాలేజీ మానేశాను. వాటిలో రెండు గురువారాలే. ఆ రోజు మా ప్రాజెక్ట్ గ్రూప్ మీటింగ్ ఉంటుంది. అమ్మకు తలనొప్పి అని చెప్పి, రోజంతా మంచం మీద ఫోన్ చూస్తూ గడిపాను. సాయంత్రానికి మనసు తేలికపడకపోగా తప్పు చేశానన్న బాధ తోడైంది. ‘టెన్షన్ అందరికీ ఉంటుంది, నీకొక్కదానికే సెలవు ఎందుకు?’ అని నా ఫ్రెండ్ అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. మనసు బాగాలేదని ఒక రోజు సెలవు పెట్టడం తప్పా? అమ్మకు నిజం చెప్పాలా?
– ఒక విద్యార్థిని

జవాబు: తప్పు కాదమ్మా. మనసు అలసిపోయిన రోజున విశ్రాంతి కోరుకోవడం బద్ధకమూ కాదు, బలహీనతా కాదు. మనసు బాగా లేనప్పుడు రాత్రి నిద్ర సరిగా పట్టదు, ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా తలకెక్కదు, ఎవరో మామూలుగా అన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అలాంటి రోజున బెంచీ మీద కూర్చుంటే హాజరు పడుతుందేమో కానీ చదువు సాగదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2019లో ఈ విషయంపై ఒక చట్టమే చేశారు. ఒంట్లో బాగాలేకపోతే ఎలా సెలవు ఇస్తారో, మానసిక ఆరోగ్యం బాగా లేకపోయినా స్కూలు విద్యార్థులు అలాగే సెలవు తీసుకోవచ్చని ఆ చట్టం చెబుతుంది. దాని కోసం పట్టుబట్టింది కూడా విద్యార్థులే. కాబట్టి ఈ అవసరం మీ ఒక్కరిదే కాదు.

మీ ఫ్రెండ్ అన్నదాంట్లో సగం నిజం. టెన్షన్ అందరికీ ఉంటుంది. అంతమాత్రాన అందరూ ఒకే రోజున, ఒకేలా అలసిపోరు. ఆమె చెడ్డ ఉద్దేశంతో అని ఉండదు. బహుశా ఆమెకూ సెలవు కావాలనిపించి, అడగలేక ఊరుకుని ఉండవచ్చు. ఈ మాట మీద ఆమెతో వాదించవద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. మీరు సెలవు తీసుకున్నారు, విశ్రాంతి మాత్రం దొరకలేదు. ఎందుకని? పని తర్వాత మనుషులు ఎలా కోలుకుంటారన్న దానిపై జర్మనీకి చెందిన సబీన్ సోనెన్‌టాగ్ అనే మనస్తత్వవేత్త చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు. మరో పరిశోధకురాలితో కలిసి 2007లో ప్రచురించిన వ్యాసంలో ఆమె నాలుగు విషయాలు చెప్పారు. పని గురించిన ఆలోచన నుంచి మనసు పూర్తిగా విడివడటం మొదటిది. ఒంటికీ మనసుకూ నెమ్మది కలిగించే పని చేయడం రెండోది. ఏదైనా కొత్తది నేర్చుకుని ‘నాకు చేతనవుతుంది’ అనిపించుకోవడం మూడోది. ఆ సమయం ఎలా గడపాలో మనమే నిర్ణయించుకోవడం నాలుగోది. ఆమె పరిశీలించింది ఉద్యోగులనే అయినా, చదువుకునేవారికీ ఇది వర్తిస్తుందని నా దగ్గరికి వచ్చే విద్యార్థులను చూస్తుంటే అనిపిస్తుంది.

ఇప్పుడు మీ సెలవు రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. చేతిలో ఫోన్, అందులో క్లాస్ గ్రూప్ మెసేజ్‌లు. సార్ ఏం చెప్పారు, హాజరు తీసుకున్నారా, మన పేరు ఎవరైనా అడిగారా అన్న ఆరాటం. పక్క గదిలోంచి అమ్మ వచ్చి ‘తలనొప్పి తగ్గిందా?’ అని అడిగితే ఏం చెప్పాలన్న భయం. సోనెన్‌టాగ్ చెప్పిన నాలుగింటిలో ఒక్కటైనా ఉందా ఆ రోజులో? మీరు కాలేజీకి వెళ్లలేదు కానీ, కాలేజీ మాత్రం రోజంతా మీ మంచం మీదే ఉంది. పైగా అబద్ధాన్ని కాపాడుకునే పని ఒకటి. సాయంత్రానికి అలసట పెరగకుండా ఎలా ఉంటుంది?

ఇంకొక తేడా కూడా ఉంది. మీరు సెలవు నిర్ణయాన్ని పొద్దున్న కళ్లు తెరవగానే, గుండె బరువుగా ఉన్న ఆ పది నిమిషాల్లో తీసుకుంటున్నారు. ఆ పది నిమిషాల్లో ఆలోచించేది మీరు కాదు, మీలోని భయం. భయానికి తెలిసిన జవాబు ఒక్కటే, వెళ్లొద్దు. అందుకే నేను విద్యార్థులకు ఎప్పుడూ ఒక మాట చెబుతాను. సెలవు కావాలంటే ముందు రోజు సాయంత్రమే నిర్ణయించుకోండి. రేపు ఏయే క్లాసులున్నాయి, ఏది పోతే ఫర్వాలేదు, ఏది పోతే ఇబ్బంది, హాజరు ఎంత ఉంది, ఎవరి దగ్గర నోట్స్ తీసుకోవాలి, ఇవన్నీ సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు. చూసుకున్నాక కూడా సెలవే మంచిదనిపిస్తే నిశ్చింతగా తీసుకోండి. పొద్దున్నే భయపడి ఆగిపోవడానికీ, సాయంత్రం ఆలోచించి ఆగడానికీ మధ్య తేడా మీకే తెలుస్తుంది. మరీ ఊపిరాడనట్టున్న ఉదయం ఒకటి వస్తే ఏం చేయాలంటారా? అప్పుడు కూడా పూర్తిగా మానేయడానికి ముందు, మొదటి క్లాసు వదిలేసి తర్వాతి క్లాసుకు వెళ్లగలనా అని ఆలోచించండి. చాలాసార్లు ఆ కాస్త గడువు చాలు.

ఆ సాయంత్రమే మరో చిన్న పని చేయండి. మిగిలిపోయిన పనులన్నీ, అసైన్‌మెంట్, చదవాల్సిన పాఠం, ఫలానా వారికి చెప్పాల్సిన మాట, అన్నీ ఒక కాగితం మీద రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మంది యువతీ యువకులను నిద్ర పరిశీలించే ప్రయోగశాలలో పడుకోబెట్టి చూశారు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాల పాటు కొందరు చేయాల్సిన పనుల జాబితా రాశారు, మిగతావారు అప్పటికే పూర్తిచేసిన పనుల గురించి రాశారు. చేయాల్సినవి రాసినవారికే త్వరగా నిద్ర పట్టింది. రాయని పని తలలో తిరుగుతూ ఉంటుంది. కాగితం మీదకు వచ్చాక మనసు దాన్ని కొంతసేపైనా వదిలేస్తుంది.

సెలవు రోజున ఏం చేయాలన్నదానికి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. మధ్యాహ్నం దాకా పడుకోకండి. మీ వయసువారికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి కాబట్టి, కావాలంటే ఒక గంట ఎక్కువ పడుకుని లేవండి. మరీ ఆలస్యమైతే ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు మళ్లీ అదే బరువు. క్లాస్ గ్రూపును సాయంత్రం వరకు మ్యూట్‌లో పెట్టండి. కాసేపు ఎండ తగిలేలా బయట నడవండి. మీకు ఇష్టమైన మనిషి ఒకరితో, కాలేజీ ఊసెత్తకుండా మాట్లాడండి. చేతులతో చేసే పని ఏదైనా ఒకటి చేయండి. మొక్కలకు నీళ్లు పోయడమైనా, అల్మారా సర్దుకోవడమైనా, చాన్నాళ్లుగా వదిలేసిన బొమ్మ గీయడమైనా మీ ఇష్టం. సాయంత్రం ఒక అరగంట మాత్రం మర్నాటి కోసం ఉంచి, పోయిన క్లాసుల నోట్స్ తెప్పించుకోండి. తిరిగి వెళ్లే దారి ముందే సిద్ధంగా ఉంటే మర్నాటి ఉదయం అంత భయపెట్టదు.

ఇక గురువారాల సంగతి. మీరు దాన్ని మాటవరసకు రాసినట్టు రాశారు కానీ, అసలు సమస్య అక్కడే ఉందని నా అనుమానం. మూడు సెలవుల్లో రెండు గురువారం నాడే, అదీ ప్రాజెక్ట్ మీటింగ్ ఉన్న రోజున వచ్చాయంటే, అది మామూలు అలసట అయి ఉండదు. అలసట వారాలు చూసుకుని రాదు కదా. మనకు భయం కలిగించే చోటుకు వెళ్లకుండా తప్పించుకోగానే ఒక్కసారి హమ్మయ్య అనిపిస్తుంది. ఆ హమ్మయ్య చాలా ప్రమాదకరమైనది. వెళ్లకపోవడం వల్లే గండం గడిచిందని మనసు నేర్చుకుంటుంది. నిజానికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం దానికి రాదు. అందుకే తర్వాతి గురువారం మునుపటికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఆందోళన పెరిగే తీరును మనస్తత్వ శాస్త్రం ఇలాగే వివరిస్తుంది. చికిత్స సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. భయపడే చోటుకు కొద్దికొద్దిగా, తోడుతో, తయారీతో తిరిగి వెళ్లాలి.

కాబట్టి ఆ మీటింగ్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఏమిటో మీతో మీరు నిజాయతీగా మాట్లాడుకోండి. మీ వంతు పని పూర్తికాక, అందరి ముందు చెప్పుకోవాల్సి వస్తుందని భయమా? అయితే గ్రూపులో ఒకరికి ముందే మెసేజ్ పెట్టండి: ‘నా భాగం సగమే అయింది, మిగతాది సోమవారానికి ఇస్తాను, ఒకచోట ఆగిపోయాను, సాయం కావాలి.’ దాచిన పనికన్నా చెప్పిన పనికి బరువు తక్కువ. లేక మిగతావాళ్లు చేయాల్సినదంతా మీ మీదే పడుతోందా? అలాగైతే మీకు కావాల్సింది సెలవు కాదు, పని పంచుకోవడం. ఎవరు ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో మీటింగ్‌లోనే రాసుకోమని అడగండి. వినకపోతే గైడ్‌గా ఉన్న టీచర్‌కు చెప్పండి. అలా చెప్పడం చాడీలు చెప్పడం కిందకి రాదు.

మూడో అవకాశం కూడా ఉంది. అక్కడ ఎవరైనా మిమ్మల్ని వెటకారం చేస్తున్నారా, అవమానిస్తున్నారా, ఇష్టం లేని రీతిలో ప్రవర్తిస్తున్నారా? ఉంటే, అది మీరు సర్దుకుపోవాల్సిన విషయం కానే కాదు. ఎన్ని సెలవులు పెట్టినా అది తీరదు. మీరు నమ్మే ఒక టీచర్‌కు గానీ, ఇంట్లోవారికి గానీ ఈ వారమే చెప్పండి. అది తప్ప మిగతా ఏ కారణమైనా సరే, వచ్చే గురువారం మాత్రం వెళ్లండి. పూర్తిగా కూర్చోలేకపోతే అరగంట కూర్చుని వచ్చేయండి. సెలవు అవసరమైతే వేరే రోజు పెట్టుకోండి.

ఒక రోజు సెలవుతో తీరనివి కొన్ని ఉంటాయి, అవీ చెప్పాలి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, ఇంతకుముందు ఇష్టంగా చేసినవి కూడా రుచించకపోవడం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, ఎందుకూ పనికిరానన్న భావన, ఇవి కలిసి కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక సమస్యలకు లోనయ్యేవారిలో నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్లలోపే అవి మొదలవుతాయని అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే 2005లో తేల్చింది. మీ వయసులో ఈ లక్షణాలను ‘అదే పోతుందిలే’ అని వదిలేయకూడదని అంటున్నది అందుకే. తొందరగా చూపించుకుంటే తొందరగా కోలుకుంటారు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం రెండు వారాలు ఆగనే వద్దు. ఆ రోజే, ఆ గంటలోనే పక్కనున్న మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్లండి. మీ ఉత్తరంలో అలాంటి మాట ఎక్కడా లేదు. అయినా రాసేటప్పుడు దాచి ఉంటే, దయచేసి ఇక దాచకండి.

అమ్మ గురించి అడిగారు. చెప్పండి. అయితే కాలేజీకి ఆలస్యమవుతున్న హడావిడిలో వద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ఏదైనా పని చేసుకుంటూ పక్కపక్కనే కూర్చున్నప్పుడు చెప్పండి. ఎదురెదురుగా కూర్చుని చెప్పడంకన్నా అది తేలిక. ‘అమ్మా, నాకు ఆ రోజుల్లో తలనొప్పి రాలేదు. మనసు బాగాలేక వెళ్లలేకపోయాను. నువ్వు కంగారు పడతావని అబద్ధం చెప్పాను. ప్రాజెక్ట్ దగ్గర ఇబ్బందిగా ఉంది, సరిచేసుకోవడానికి ఇలా ప్రయత్నిస్తున్నాను’ అనండి. చివరి వాక్యం మరిచిపోకండి. అమ్మలు ఎక్కువగా భయపడేది కూతురు సెలవు పెట్టినందుకు కాదు, కూతురికి ఏమైందో తమకు తెలియనందుకు.

మొదట ఆమె కోప్పడవచ్చు. ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?’ అనవచ్చు. ఆమె కాలంలోనూ ఉన్నాయి, చెప్పుకునే వీలు లేకపోయింది, అంతే. కానీ ఆ మాటకు మీరు అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన పని లేదు. విని ఊరుకోండి. ఒకటి రెండు రోజుల్లో ఆమే మళ్లీ ఆ సంగతి ఎత్తుతారు, అప్పుడు గొంతు మెత్తగా ఉంటుంది. ఆ రోజున ఆమెను ఒక్కటే అడగండి: ‘ఇకమీదట నాకు సెలవు కావాలంటే ముందు రోజు సాయంత్రమే నీకు చెబుతాను. కారణం మరీ తరచి అడగకుండా ఒప్పుకుంటావా?’ ఎన్నాళ్లకొకసారి, ఏ పరిస్థితిలో అన్నది మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. వరసగా రెండు మూడు సెలవులు కావాల్సి వస్తే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళదామని కూడా ఆమెతో ముందే అనుకోండి. గురువారం మీటింగ్ ఎలా జరిగిందో నాకు రాయండి.