బావి ఈత వచ్చినవాళ్లు స్కూబా షాపును ఎట్ల చూసుకోవాలి?

తమ్మీ, దేవరకొండ దగ్గర బావిలో ఈత నేర్చుకున్నా, ఇప్పుడు విశాఖలో స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలో మునిగి ఈదడం) కోర్సు చేద్దామంటే ఏ షాపును నమ్మాలో, సామాను ముందే కొనాలో తెలుస్తలేదని అడిగావు. నేనూ మిర్యాలగూడ వైపు బావుల్లో దూకి పెరిగినవాణ్నే, ఆ కోర్సు విశాఖలోనే చేశాను.

ఫీజు తర్వాత. ముందు వాళ్లు నిన్ను ఏమడుగుతున్నారో చూడు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, చెవి ఆపరేషన్ అయిందా అని ఫారం నింపించాలి. దేనికైనా అవునంటే డాక్టర్ సంతకం తెమ్మనాలి. నేను ఫోన్ చేసిన ఒకచోట ఇవేవీ అడగకుండా "డబ్బులు పంపి రేపే రండి" అన్నారు. అటువైపే పోలేదు. చేరిన చోట జలుబుందా అని కూడా అడిగారు. ముక్కు పట్టేస్తే నీళ్లలో చెవుల ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతింటుంది.

మనలాంటోళ్లకు ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. బావిలో మునిగితే ఊపిరి బిగబట్టడం మనకు చిన్నప్పటి అలవాటు. స్కూబాలో అది ప్రాణం మీదికి తెస్తుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతూ ఊపిరితిత్తులను చింపేస్తుంది. నేను బావి ఈతగాణ్నని తెలియగానే మా ఇన్‌స్ట్రక్టర్ పూల్‌లో నా మీద ప్రత్యేకంగా కన్నేశాడు. రెగ్యులేటర్‌ను, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించేదాన్ని, నోట్లోంచి తీసినప్పుడు సన్నగా బుడగలు వస్తూనే ఉండాలి. ఆగాయంటే మళ్లీ మొదటినుంచి. ఎన్నిసార్లయినా విసుక్కోలేదు. అట్లాంటి ఓపిక ఉన్న చోటే నేర్చుకో.

పూల్ ప్రాక్టీస్ ఎంతసేపు, ఒక్కరి కింద ఎంతమంది అని ముందే అడుగు. డైవింగ్ సర్టిఫికెట్లిచ్చే పాడీ (PADI) అనే సంస్థ లెక్కన, కొత్తవాళ్లు చేసే ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు 8 మంది దాకా ఉండొచ్చు. నన్నడిగితే నలుగురికి మించితే వద్దు. కోర్సులో సముద్రపు డైవ్‌లు 4 ఉంటాయి, లోతు 18 మీటర్ల లోపు. ఒక్కపూటలో సర్టిఫికెట్ అన్నారంటే అది కోర్సు కాదు, సరదా డైవ్.

సామాను గదిలోకి రానివ్వమను. నోట్లో పెట్టుకునే రబ్బరు పళ్ల దగ్గర చిరిగిందా, గొట్టం వంగే చోట పగుళ్లున్నాయా చూడు. సిలిండర్ భుజం మీద టెస్టు తేదీ కొట్టి ఉంటుంది. గాలి పీలిస్తే ఏ వాసనా రావద్దు. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే మీటర్ చూస్తూ పీల్చు, ముల్లు ఊగితే వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నట్టు. పడవలో ఆక్సిజన్ కిట్ ఉందా అని కూడా అడుగు.

ఇప్పుడైతే మాస్క్ ఒక్కటి కొంటే చాలు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చు, చేయి వదిలినా జారకపోతే అది నీది. మిగతావి అద్దెకు దొరుకుతాయి.

తిరుగు ప్రయాణం రైల్లో పెట్టుకో, విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్గొండలో ఆగుతుంది. విమానమైతే ఆఖరి డైవ్ తర్వాత 18 గంటలైనా ఆగాలి, డైవ్ చేసిన వెంటనే ఎత్తుకు పోతే ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టి ప్రమాదం. అరకు చూడాలనుంటే డైవింగ్‌కు ముందే చూసిరా. అది దాదాపు 900 మీటర్ల ఎత్తు, డైవ్ చేసిన రోజే ఆ ఘాట్ ఎక్కొద్దు.