అరటిపండు వంకర, ఫోన్ బిల్లు, మీ ఉద్యోగం

“డిగ్రీ జర్నలిజం రెండో ఏడాది. యూరోపియన్ యూనియన్, ఐక్యరాజ్యసమితి లాంటి సంస్థల మీడియా విభాగాల్లో చేరాలని ఉంది. ఏ కోర్సు మంచిది?” అని అడిగారు ఒక విద్యార్థిని.

కోర్సు కంటే ముందు, అక్కడ పనేమిటో చూడండమ్మా. యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో, దాని పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ అధికార ప్రతినిధులు పనిదినాల్లో మధ్యాహ్నం 12 గంటలకు విలేకరుల ముందుకొస్తారు. ప్రకటన ఒకటే. కానీ పోలండ్ విలేకరి తమ రైతుకేమిటంటాడు, గ్రీసు విలేకరి తమ రేవులకేమిటంటాడు. యూనియన్‌లో 27 దేశాలు, 24 అధికార భాషలు మరి! పైగా నిర్ణయం మంచిదైతే ఏ దేశపు మంత్రి ఆ దేశంలో తన ఖాతాలో వేసుకుంటాడు, చేదైతే బ్రస్సెల్స్ మీదకు నెట్టేస్తాడు.

1994 నాటి యూనియన్ అరటిపళ్ల నాణ్యత నిబంధనే చూడండి. పళ్లకు అసహజమైన వంపు ఉండకూడదని అందులో ఒక ముక్క ఉంది. ఆకారం కాస్త తేడాగా ఉన్నవాటిని కింది తరగతిలో అమ్ముకోవచ్చనీ అందులోనే ఉంది. బ్రిటన్ పత్రికలకు మొదటి ముక్కే చాలింది: వంకర అరటిపళ్లపై నిషేధమట! కమిషన్ లండన్ కార్యాలయం ఏళ్ల తరబడి వివరణలు ఇస్తూనే వచ్చింది. బ్రిటన్ యూనియన్ నుంచి బయటకు రావాలన్న బ్రెగ్జిట్ ప్రచారంలోనూ ఆ అరటిపండు మళ్లీ ప్రత్యక్షమైంది.

అదే 2017 జూన్‌లో రోమింగ్ ఛార్జీలు ఎత్తేసినప్పుడు ఎవరికీ వివరణ అవసరం రాలేదు. ‘పక్క దేశం వెళ్లినా మామూలు వాడకానికి ఇంటి బిల్లే’ అంటే అర్థం కానిదెవరికి? నిబంధన నంబరుతో మొదలుపెట్టి ఉంటే దాని గతీ అరటిపండు గతే అయ్యేదని నా అనుమానం.

ఇక ఉద్యోగాల మాట. యూనియన్ శాశ్వత ఉద్యోగాలకు సాధారణంగా సభ్యదేశ పౌరసత్వం కావాలి. కమిషన్ ఇచ్చే అయిదు నెలల ట్రెయినీషిప్‌లో మాత్రం బయటివాళ్లకూ కొన్ని సీట్లుంటాయి. మీకు ఐరాస దారే దగ్గర. న్యూఢిల్లీలో దాని సమాచార కేంద్రం ఉంది. ఐరాస సచివాలయ ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ చివరి ఏడాది నుంచే అర్హులు. జీతం ఉండదు, ఖర్చులు మీవే. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

కోర్సు ఏదైనా పర్వాలేదు, ఫ్రెంచ్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. వారానికో పత్రికా ప్రకటన తీసుకుని, సంస్థ పేరు మొదటి వాక్యంలో రాకుండా, వంద మాటల తెలుగు వార్తగా రాయండి. జర్నలిజంతో సంబంధం లేని వాళ్లెవరికైనా చదివి వినిపించండి. “అయితే మాకేంటి?” అన్నారా, ఆ వారం మళ్లీ రాయాల్సిందే.