సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం మీద యుద్ధం ఆడాలంటే రూల్స్ ఎలా రాసుకోవాలి?
మామూలుగా టేబుల్ మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆటలో కదలిక దూరాలు పెంచేస్తే చాలదా అని అడిగారు. చాలదండీ. సెరెస్ గురుత్వం మన భూమిదాంట్లో సుమారు 35వ వంతే, అంటే ఇక్కడ అర మీటరు ఎగిరేవాడు అక్కడ 17 మీటర్లు లేస్తాడు, కానీ మళ్లీ కాలు నేలకు తగలడానికి దాదాపు 22 సెకన్లు పడుతుంది, ఈలోగా పట్టుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి దారి మార్చుకోలేడు. ఆటంతా ఈ 22 సెకన్లలోనే ఉంది.

మేం వైజాగ్‌లో మా మేడ మీద ఆడేటప్పుడు ఒక్కో టర్న్ 10 సెకన్లు అనుకుంటాం. ఎగిరిన సైనికుడు దిగబోయే చోట ముందే ఒక చింతపిక్క పెట్టి, పక్కన 2 పైకి వచ్చేలా డైస్ పెడతాం (అంటే రెండు టర్న్‌ల తర్వాత దిగుతాడని), ఇక ఆ పిక్కని కదపకూడదు. ఎదుటివాడు సరిగ్గా దానికే గురిపెడతాడు, అందుకే ఎగరాలంటే టెన్షన్. అయినా ఎగరాలి, ఎందుకంటే ఆర్కే బీచ్‌లో నిలబడితే సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది గానీ, సెరెస్ మీద నిలబడితే 1.3 కిలోమీటర్లే. ఎగిరితే 4 దాటుతుంది.

రైఫిల్ రేంజికి హద్దు పెట్టకండి. అక్కడ పలాయన వేగం, అంటే గురుత్వాన్ని తప్పించుకుని పోడానికి కావలసిన వేగం, సెకనుకు 510 మీటర్లు, 900తో వెళ్లే తూటా ఇక వెనక్కి రాదు. అంగారకుడి చిన్న చందమామ ఫోబోస్‌కి మాత్రం వేరే రూల్స్ రాసుకోండి, అక్కడ ఆ వేగం 11 మీటర్లే, చేత్తో గట్టిగా విసిరిన గ్రెనేడ్ కూడా ఫోబోస్‌ని వదిలి పోతుంది.