పేరులో "లైఫ్‌టైమ్" అని ఉంది, 14 నెలలకే లాక్ అయింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: తెనాలిలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉందండి. పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌కి పేరులోనే "లైఫ్‌టైమ్" అని ఉంటే నమ్మి 6,500 కట్టి కొన్నా. 14 నెలలకి లాక్ అయిపోయింది. అడిగితే లైఫ్‌టైమ్ అంటే ఆ వెర్షన్ ఉన్నన్నాళ్ళే, షరతుల్లో రాశాం కదా అంటున్నారు.

జవాబు: వేయొచ్చండి, భయపడకండి. "అది ఉత్త పేరే, హామీ కాదు" అని వాళ్ళు తప్పించుకోడానికి చూస్తారు గానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అంటే టీవీ యాడ్ ఒక్కటే కాదు, వెబ్‌సైట్‌లో చెప్పిందీ, లేబులూ, చివరికి ఇన్‌వాయిస్ కూడా ప్రకటనే, మీ బిల్లు మీద ఆ పేరు ఉంటే అదే మీకు పెద్ద సాక్ష్యం. పైన పెద్దక్షరాల్లో ఒకటి చెప్పి కింద చిన్నక్షరాల్లో దాన్ని తిరగరాయడం కూడా కుదరదు, 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు సరిగ్గా దాని గురించే ఉన్నాయి. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న గొడవ కూడా కాదు, కారు తనంతట తను నడవదు కదా "ఆటోపైలట్" అని ఎలా ప్రచారం చేస్తారని టెస్లాని 2020లో జర్మనీలో మ్యూనిక్ కోర్టు తప్పుపట్టింది.

మీ కేసులో అసలు చిక్కు వేరే చోట ఉంది. మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారు కాదు అంటారు కంపెనీవాళ్ళు, చాలామంది చిన్న షాపులవాళ్ళు ఇక్కడే ఓడిపోతారు, నాకు చాలా బాధేస్తుంది ఎందుకంటే చట్టం వాళ్ళ పక్షానే ఉంది. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి వాడుకుంటే మీరు వినియోగదారే. ఒకరిద్దరు సాయానికి ఉన్నా పర్లేదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "నేనే కూర్చుని డిజైన్ చేసుకుంటా, ఇదే నా జీవనోపాధి" అనే ముక్క ఫిర్యాదులో కచ్చితంగా రాయండి, మర్చిపోవద్దు.

ముందు ఇవాళే ఆ కంపెనీ పేజీని, లాక్ పడిన స్క్రీన్‌ని తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నోటీసు వెళ్ళాక పేరు మార్చేస్తే తర్వాత దొరకదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకోండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. లేదంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఏ ఊళ్ళో ఉన్నా మీరుండే చోట వేసే హక్కు మీకుంది. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు మాత్రం 2 ఏళ్ళు.

ఈలోపు పెళ్ళిళ్ళ సీజన్ వచ్చి పని ఆగిపోయి, లాక్ తీయించుకోడానికి ఆ కంపెనీకి మళ్ళీ డబ్బు కట్టక తప్పదనుకుంటే, కట్టే ముందు "అభ్యంతరంతోనే కడుతున్నా, నా హక్కు వదులుకోవట్లేదు" అని వాళ్ళకి ఒక్క మెయిల్ పెట్టి అప్పుడు కట్టండి.